పెరటి చెట్టు - తొట్టి కాపురము

పెరటి చెట్టు మందునకు పనికిరాదని మన పెద్దలొక సామెత చెప్పుదురు. చేరువనున్న వస్తువునందు మనుజునకు గౌరవము తక్కువ యనుట దాని భావము. మా పెరటిలో అవ్వగారు నాటిన నందివర్ధనమును మేము పోగొట్టుకొనిన నాడు ఆ సామెతలోని సత్యము మాకు బోధపడినది. అది యున్నన్ని నాళ్లును పూజకు పువ్వులు కోసికొనుటయే గాని, దాని వయస్సెంత, దాని వ్రేళ్లెటు పోయినవి యని ఒకనాడైనను విచారించినవారము కాము.

రాయవేలూరులోను గుడియాత్తములోను తరతరములుగా కాపురమున్న తెలుగువారి పాత యిండ్లలో పెక్కింటికి ఒక పోలిక కలదు. వీధివైపున తిన్నె, నడుమ వసారా, వెనుక బావి, బావిచెంత తులసికోట, గోడవారగా గన్నేరు, పారిజాతము, దానిమ్మ, కాగితపు పూల పొద - ఇవి యన్నియు కలిసిననే అది యిల్లనిపించుకొనెడిది. అన్నదమ్ములు పాళ్లు పంచుకొనునపుడును, పాత యిల్లు పడగొట్టి మేడ కట్టునపుడును మొట్టమొదట పోవునది ఈ పెరడే. నలువది యేండ్లు పెరిగిన పొద ఒక పూటలో గడ్డపారకు బలియగుచున్నది. ఇంటివారికి దానియందు ప్రేమ లేక కాదు. ముదిరిన చెట్టును కదిలించినచో బ్రతుకదను నమ్మకముచేతనే వారు ఊరకుందురు.

ఆ నమ్మకము సగము నిజము, సగము అబద్ధము. తొందరపడి కదిలించిన చెట్టు చచ్చును. తగిన కాలమిచ్చి కదిలించిన చెట్టు బ్రతుకును. ముదురు పొదను పెరటినుండి తీసి తొట్టిలో నిలిపి, దానిని వామనవృక్షముగా పెంచు విద్య నేడు లోకమంతట బోన్సాయ్ అను జపాను పేరుతో వ్యాపించియున్నది. ఈ విద్యకు వెనుకనున్న చరిత్రను, అందు మన దేశపు పాలెంతయో, మన యూళ్లలో దాని నెట్లు ఆచరింపవచ్చునో ఈ వ్యాసమున ముచ్చటింప దలచితిమి.

పూర్వుల వృక్షవిద్య

పెరిగిన చెట్టును వ్రేళ్లతో తీసి వేరొకచోట నాటుట క్రొత్త సంగతి కాదు. క్రీస్తుకు పూర్వము 15వ శతాబ్దమున ఐగుప్తు దేశము నేలిన హాత్షెప్‌సుత్ రాణి, పుంతు అను దూరదేశమునకు ఓడలను పంపి ధూపద్రవ్యములిచ్చు చెట్లను తెప్పించెను. దేర్ ఎల్ బహరీలోని ఆమె ఆలయపు గోడలపై, వ్రేళ్లను మట్టిగడ్డతో బుట్టలలో నుంచి, ఆ బుట్టలను కావళ్లకు కట్టి మనుష్యులు మోసికొనిపోవు చిత్రములు నేటికిని కనిపించుచున్నవి. మూడువేల యేండ్లకు పైబడిన ఆ శిల్పములలోనే ఈ విద్యకు మూలసూత్రము కలదు: చెట్టును తీయునపుడు దాని మట్టిని కొంత దానితోనే తీసికొనిపోవలెను.

మన దేశమున 6వ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. చెట్ల నొకచోటినుండి వేరొకచోటికి మార్చునపుడు మొదటినుండి మానువరకు నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, గోమయము కలిపిన లేపనమును పూయవలెనని అందు చెప్పబడినది. కొమ్మలు పుట్టని లేతమొక్కలను శిశిరమునను, కొమ్మలు వేసినవానిని హేమంతారంభమునను, బలిసిన మానుగల వృక్షములను వర్షారంభమునను నాటవలెనని ఆయన కాలనిర్ణయము చేసెను. నాటిన పిమ్మట వేసవిలో ఉదయ సాయంకాలములందును, చలికాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల యెండినపుడు మాత్రమును నీరు పోయవలెనట. ఎప్పుడు పోయవలెనో చెప్పుటతోపాటు ఎప్పుడు పోయగూడదో కూడ చెప్పుట ఆ గ్రంథకర్త యనుభవమునకు గుర్తు.

లేపనములోని వస్తువులన్నింటికిని మందుగుణము కలదా యను ప్రశ్న నటుండనిండు. తెగిన వ్రేలు గాలికి ఎండిపోకుండ కప్పిపుచ్చుట దాని ప్రధానప్రయోజనమని మాకు తోచుచున్నది. నేటి తోటమాలులు తడిగోనెను చుట్టి సాధించుచున్నదియు అదియే.

వరాహమిహిరుని తరువాత సురపాలుడు అను పండితుడు వృక్షాయుర్వేదమను పేరుతో ప్రత్యేకముగ నొక గ్రంథము రచించెను. దాని వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు బోడ్లియను గ్రంథాలయమున భద్రమై యుండెను. తెలుగువారికి సంతోషము కలిగించు విషయమేమనగా, ఆ గ్రంథమునకు నళినీ సాధలే గారు చేసిన ఆంగ్లానువాదము 1996లో మన సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ వారిచేత ప్రకటింపబడినది. ఈ సంస్థను వై.ఎల్. నేనే గారు 1994లో స్థాపించిరి. కుణపజలమను పులియబెట్టిన ద్రవపుటెరువు అటుపిమ్మట రైతుల నోట మరల వినవచ్చుటకు ఈ ప్రచురణ ముఖ్యకారణము. సీమలు దాటిపోయిన విద్య యొకటి తిరిగి తెలుగునేలపై వేరూనినట్లైనది.

తొట్టిలోని వనము

చెట్టును తీసి నాటు విద్య మనకున్నను, దానిని పళ్లెమువంటి లోతులేని తొట్టిలో నిలిపి, మహావృక్షపు ఛాయను జానెడెత్తున చూపించు కళను సాధించినవారు చీనా, జపాను దేశస్థులు. చీనాలో టాంగు వంశపు రాజకుమారుడైన జాంగ్‌హువాయ్ సమాధియందు 706వ సంవత్సరమున వ్రాసిన గోడచిత్రములలో పరిచారకులు చిన్నచెట్లుగల పళ్లెములను చేత బట్టుకొనియున్నారు. జపానులో 1309 నాటి చిత్రపటమొకదానియందు పళ్లెములలో పెంచిన పొట్టిచెట్లు కనిపించును. బోన్సాయ్ అను మాటలో 'బోన్' అనగా పళ్లెము వంటి తొట్టి. 'సాయ్' అనగా నాటుట. పేరులో ఇంతకు మించిన రహస్యమేమియు లేదు.

జపాను తోటమాలులకు ముదురుచెట్టును తీయుటలో ఒక పద్ధతి కలదు. దానిని వారు నెమవాషి యందురు. వ్రేళ్లచుట్టు తిరుగుట యని దాని యర్థము. చెట్టును పెరికివేయుటకు ఎన్నో నెలలు ముందుగనే దాని చుట్టు కందకము త్రవ్వి, దూరము పోయిన లావువ్రేళ్లను కొన్నికొన్నిగా కోసి, మరల మన్ను కప్పుదురు. కోసినచోట సన్నని క్రొత్తవ్రేళ్లు గుంపుగా పుట్టును. అట్లు సిద్ధమైన పిమ్మటనే చెట్టును లేవనెత్తుదురు. ఈ మాట ఆ దేశమున ఎంత వాడుకలోనికి వచ్చినదనగా, ఏదైన పెద్దమార్పు చేయుటకు ముందు అందరితోను విడివిడిగా మాటలాడి ఒప్పించుటను కూడ నేడచట నెమవాషి యనియే పిలుతురు. చెట్టుకైనను మనుష్యునికైనను మార్పును ముందుగా తెలియజేయవలెనను నీతి అందిమిడియున్నది.

ఈ తొట్టిచెట్ల యోర్పు ఎంతటిదో రెండు సంగతులు చెప్పుచున్నవి. 1923లో టోకియో ప్రాంతమును మహాభూకంపము నాశనము చేయగా, అచటి బోన్సాయ్ తోటమాలులు కొందరు మంచి నేలను, మంచి నీటిని వెదకికొనుచు ఒమియాకు తరలిపోయి, 1925లో అక్కడ తమ పల్లెను నెలకొల్పిరి. ఆ పల్లె నేటికిని ఈ కళకు పుట్టినిల్లువలె వెలయుచున్నది. రెండవది: హిరోషిమాలో యమాకి కుటుంబమువారి యింట నుండిన, 1625 నుండి తొట్టిలో పెంచబడుచు వచ్చిన తెల్ల పైను చెట్టొకటి, 1945 ఆగస్టు 6న ఆ నగరముపై అణుబాంబు పడినపుడు గోడచాటున నుండి బ్రతికెను. 1976లో దానిని అమెరికాకు కానుకగా నిచ్చిరి. ఆ కుటుంబపు మనుమలు 2001లో వాషింగ్టను వచ్చి చూచిన పిమ్మటనే దాని పూర్వకథ లోకమునకు బాగుగా తెలిసినది. ఆరేడు తరముల చేతులు మారి నీరు పోసిననే అట్టి చెట్టు నిలుచును. ఒక్క తరము మరచినచో కథ ముగిసియే యుండును.

రాయవేలూరు చెప్పు పాఠము

వ్రేళ్లతో లేచి వేరొకచోట నిలుచుట మన ప్రాంతపు చరిత్రకు పరాయి సంగతి కాదు. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలినపుడు ఆ రాజ్యము ఒక్కనాట నశింపలేదు. తిరుమలరాయలు పెనుగొండ చేరెను. రెండవ వేంకటపతిరాయల కాలమున (1586-1614) రాజధాని చంద్రగిరికిని, అటనుండి 17వ శతాబ్ది ఆరంభమున వేలూరికిని వచ్చినది. ఈ యూరిని మనవారు రాయవేలూరని పిలుచుటకు ఆ రాయల నివాసమే కారణము. 17వ శతాబ్ది నడుమ బీజాపూరు సేనల వశమగువరకు ఆ రాజ్యవృక్షము ఇచ్చట కొమ్మలు తగ్గించుకొనియైనను పచ్చగానే నిలిచెను. ఒకేసారి దూరముగా పెరికివేయక, మజిలీ మజిలీగా కదలుటచేత దానికి మరియొక ఎనుబదియేండ్ల ఆయుష్షు కలిగినది.

రాయలకంటె ముందే, 16వ శతాబ్దమున, చిన్నబొమ్మ నాయకుని కాలమున కట్టబడిన వేలూరు కోట నేటికిని అగడ్తతో నిలిచియున్నది. అందలి జలకంఠేశ్వరాలయపు కథ మరియు విచిత్రము. యుద్ధముల కాలమున మూర్తి ఆలయమును విడిచినది. శతాబ్దములు పూజలు లేక గర్భగుడి శూన్యముగ నుండెను. సత్తువాచ్చారిలో ఉంచబడిన లింగమును 1981 మార్చి 16న మరల కోటలోని ఆలయమున ప్రతిష్ఠించిరి. పూజించువారు మరువనంతకాలము చోటు మారుట నాశనము కాదని ఆ ఆలయము చెప్పుచున్నది.

మన కుటుంబముల సంగతియు ఇట్టిదే. కొందరి పూర్వులు రాయలతో వచ్చిరి, కొందరు మగ్గముతో వచ్చిరి, కొందరు వర్తకముతోను సేద్యముతోను వచ్చిరి. మరి కొందరు ఎచటికిని రానేలేదు. వారున్న చోటనే యుండిరి. 1911లో ఉత్తరార్కాటు మొదలగు జిల్లాల భాగములతో చిత్తూరు జిల్లా ఏర్పడెను. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరైనది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు గ్రామముల మార్పిడి జరిగినది. వీరి చెట్టు కదలలేదు, కంచె కదలినది. పలమనేరు వైపునుండి వచ్చు కౌండిన్యనది మాత్రము ఏ కంచెను ఎరుగక గుడియాత్తముమీదుగా పోయి పాలాటిలో కలియుచునే యున్నది.

పెరటిలో పూచు కాగితపు పూల పొదయు ఇట్టి వలసదారే. 1767లో ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ భూప్రదక్షిణ యాత్రలో, ఆయన వెంటనున్న కొమ్మర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెజిలు దేశపు రియో డి జనీరో చెంత దీనిని సేకరించెను. నావికుని పేరే దానికి వచ్చినది. మనము పూరేకులనుకొను రంగుకాగితములు నిజమునకు ఆకులే. నడుమనున్న సన్నని తెల్లగొట్టమే పువ్వు. అన్యదేశమునుండి వచ్చి, మన యెండను ఇంతగా తనదిగా చేసికొనిన పొద మరియొకటి లేదనవచ్చును. అందుచేతనే తొట్టికి మార్చుటకు ఇది తగినది.

మా తప్పు, మా నేర్పు

ఇక మా యనుభవమును చెప్పుట న్యాయము. మొదట చెప్పిన నందివర్ధనమును మేము కాపాడవలెననియే తలచితిమి. కాని యిల్లు పడగొట్టు దినము సమీపించువరకు ఊరకుండి, నడివేసవిలో ఒక్క పూటలో దానిని త్రవ్వించితిమి. గడ్డపార పోటునకు మట్టిగడ్డ విచ్చిపోయినది. ఆకులు పచ్చగానున్నవని ఒక్కదానినైన కోయనీయలేదు. లోతులేని మెరుగుతొట్టి కొని, తిన్నగా అందులోనే నాటి, ఎండలో నుంచి, దినమునకు మూడుమార్లు నీరు పోసి, బలము చేకూరునని పచ్చిపేడ కూడ వేసితిమి. ఎనిమిది దినములు ఆకులు వాడలేదు. బ్రతికినదని ఇంటిల్లిపాదియు సంతసించితిమి. పిమ్మట నాలుగు దినములలో చెట్టంతయు మాడిపోయినది.

అందు జరిగిన తప్పులు తరువాత తెలిసినవి. నీటిని పీల్చునవి లావువ్రేళ్లు కావు, వాని చివరనుండు వెండ్రుకలవంటి సన్నని వ్రేళ్లు. త్రవ్వునపుడు వానిలో అధికభాగము నేలలోనే తెగి మిగిలిపోవును. ఆకులు మాత్రము ఎప్పటివలెనే నీటిని ఆవిరిగా విడుచుచుండును. ఆదాయము పోయి వ్యయము నిలిచిన సంసారమువలె చెట్టు కొన్నాళ్లు మానులోని నిలువనీటితో గడపి, అది తీరగనే కూలును. ఆకులపచ్చదనము బ్రతుకునకు గుర్తు కాదు, నిలువ తీరలేదనుటకు గుర్తు. నిలిచిన నీటిలో గాలి యాడక తెగినవ్రేళ్లు కుళ్లును. పచ్చి యెరువు వానిని కాల్చును.

మిగిలినది గోడమూల కాగితపు పూల పొద యొక్కటి. ఆ భాగమును కట్టుట మరుసటి యేటికి వాయిదాపడెను. ఈ తడవ తోటపనిలో ముదిసిన వృద్ధునొకనిని పిలిపించితిమి. అతడు పొదచుట్టు రెండుమార్లు తిరిగి చూచి, "చెట్టును ఒక్క దెబ్బన పెరికితే బతకదు సామీ. ఆడబిడ్డను అత్తగారింటికి అంపేముందు ఏడాదినుంచే తయారు చేస్తాము గదా, ఇదీ అంతే" అనెను. నెమవాషి యను మాట అతడు వినియుండడు. సంగతి మాత్రమదియే.

అతడు చేసిన పని క్రమముగా వ్రాయుచున్నాము. ఆడి మాసమున, తొలకరి జల్లులు పడుచుండగా, మొదలునుండి జానెడు దూరమున, మూరెడు లోతున, పొదచుట్టు సగము మాత్రము కందకము త్రవ్వెను. అడ్డువచ్చిన లావువ్రేళ్లను గడ్డపారతో నలుగగొట్టక, పదునైన రంపముతో నున్నగా కోసెను. కందకమును ముతక ఇసుకతోను మాగిన ఆకు ఎరువుతోను పూడ్చెను. రెండవసగమును అట్లే సంక్రాంతి గడచిన పిమ్మట చేసెను. సగముచొప్పున చేయుటచేత పొదకు ఎప్పుడును ఒక వైపు ఆధారము తప్పలేదు. ఆ వేసవిలో కందకమున్న వలయమునకు మాత్రము తడి యారకుండ నీరు పోసితిమి.

మరుసటి ఆడిలో, మబ్బుపట్టిన సాయంకాలమున, పొదను లేపితిమి. అంతకుముందే పొడుగుకొమ్మలన్నింటిని కోసి, మానును మూరెడెత్తునకు తగ్గించి, ఆకులలో హెచ్చుభాగమును తీసివేసెను. మా యింటి స్త్రీలు కన్నీరు పెట్టుకొనిరి; పూచుచున్న పొద మొద్దువలె మిగిలినది. కాని వ్యయము తగ్గనిదే ఆదాయము చాలదని మేము నందివర్ధనముచేత నేర్చుకొనియుంటిమి. దక్షిణపుదిక్కున మానుపై సున్నపుచుక్క పెట్టెను. తొట్టిలో నాటునపుడును ఆ చుక్క దక్షిణమునకే యుండవలెనని అతని నియమము. కాగితపు పూల పొద వ్రేళ్లు పెళుసు. మట్టి సులువుగా రాలిపోవును. అందుచే మట్టిగడ్డ క్రిందినుండి గోనెను జొనిపి, పురికొసతో బిగించి, పసిబిడ్డను ఎత్తినట్లు ఇరువురు ఎత్తిరి. కోసి చూడగా పాతకోతల చివర తెల్లని సన్నవ్రేళ్లు గుత్తులుగా నుండెను. ఏడాది యోర్పునకు ఫలమదియే.

మొదటి తొట్టి అందమైనది కానక్కరలేదు. అడుగున మూడు నాలుగు రంధ్రములుగల వెడల్పైన మట్టితొట్టి చాలును. కాట్పాడి చెంతనున్న కరిగిరి పూర్వమునుండియు మట్టిపాత్రలకు పేరొందిన యూరు. మనకు తొట్టికై దూరము పోవలసిన పనిలేదు. రంధ్రములపై పెంకులు వేసి, ఎర్రమన్ను రెండుపాళ్లు, ముతక ఇసుక రెండుపాళ్లు, బాగుగా మాగిన పశువుల యెరువు ఒకపాలు కలిపి నింపవలెను. వ్రేళ్లనడుమ గాలిఖాళీలు మిగులకుండ పుల్లతో మెల్లగా కూరవలెను. మానును తొట్టికి త్రాటితో కదలకుండ కట్టవలెను. గాలికి ఊగిన ప్రతిసారియు క్రొత్తవ్రేలు తెగును. ఒకమారు నిండుగా నీరు పోసి, నీడలో నుంచి, పైమన్ను ఎండినట్లు వ్రేలితో తాకి తెలిసికొనిన పిమ్మటనే మరల పోయవలెను. క్రొత్తచిగురు గట్టిపడువరకు ఎరువు వేయరాదు. మా పొద ఇరువది మూడవ దినమున మానుమీద ఎర్రని మొటిమవంటి చిగురొకటి చూపినది. ఆనాడు మా యింట పాయసము చేసిరి.

చిగుళ్లు కొమ్మలైన పిమ్మట పొదను మెల్లగా ఎండకు అలవాటుచేసి, రెండేండ్లు అట్లే పెరుగనిచ్చి, అప్పుడు లోతులేని తొట్టికి మార్చితిమి. అటుపిమ్మట రెండు మూడేండ్లకొకమారు తీసి, వ్రేళ్లు కొంత కత్తిరించి, క్రొత్తమన్ను పెట్టవలెను. మర్రి, రావి, జువ్వి, చింత, దానిమ్మలను కూడ ఇట్లు పెంచవచ్చును; నిమ్మజాతికి వ్రేలు కదలుట గిట్టదు, దానికి మరింత జాగ్రత్త కావలెను. పెరడు నిలుచుచోట మాత్రము పొదను కదిలింపరాదు. నేలలోనుండుటకు మించిన భాగ్యము చెట్టునకు లేదు. కొండలలోనుండి అడవిచెట్లను పెరికితెచ్చుట న్యాయమును కాదు, చట్టమును ఒప్పదు.

మ్రానై వంగునా?

మొక్కై వంగనిది మ్రానై వంగునా యని మరియొక సామెత. వామనవృక్షవిద్య ఈ సామెతను తప్పనదు, దానికి మిగిలిన సగమును చేర్చును. ముదిరిన మానును ఎవరును వంపలేరు; వంపబోయినచో విరుగును. దానిని ఉన్నదున్నట్లు నిలిపి, దానినుండి పుట్టిన క్రొత్తచిగురును తీగెచుట్టి మెల్లగా వంతురు. పాతమానులోని వంకరలు, మచ్చలు, గంట్లు - ఇవియే తొట్టిచెట్టునకు అందము. క్రొత్తకొమ్మలు దాని యాయుష్షు. రెంటిలో ఏది లేకున్నను అది బోన్సాయ్ కాదు.

ఒక సంగతి మాత్రము మరువరాదు. నేలలోని చెట్టు తన నీటిని తానే వెదకికొనును. యజమాని ఊరికి పోయినను దానికి లోటులేదు. తొట్టిలోని చెట్టునకు మన చేయి తప్ప వేరుగతి లేదు. వేలూరి వేసవిలో రెండు దినములు మరచినచో నలువది యేండ్ల మాను పోవును. తెలుగుసీమలో తెలుగు నేలలోని చెట్టువంటిది. వీధిలో, అంగడిలో, బడిలో దానికి నీరు దొరకును. మన యిండ్లలోని తెలుగు తొట్టిలోని చెట్టు. బిడ్డలు వీధిలో తమిళమును, కొలువులో ఆంగ్లమును నేర్చుట మంచిదే, అవియు మనవే. అయినను ఇంటిలో అవ్వతాతల మాటకు ప్రతిదినము ఇంత నీరు పోయువారు ఇంటివారు తప్ప వేరొకరు లేరు. సంవత్సరమునకొకమారు ఉగాదినాడు కడవెడు నీరు కుమ్మరించినచో తొట్టిచెట్టు బ్రతుకదు.

అందుచే మా విన్నపమిది. మీ యింట పెరడు పోవు సూచన యున్నచో, కూలివారు వచ్చు దినమువరకు ఆగకుడు. ఈ ఆడిలోనే పొదచుట్టు మొదటి సగము కందకమును త్రవ్వించుడు. త్రవ్వునపుడు ఇంటి పిల్లలను దగ్గర నిలిపికొని, దానిని నాటినదెవరో, ఏ సంవత్సరమున నాటిరో తెలుగులో చెప్పుడు. మా నందివర్ధనమును గూర్చి అట్లు చెప్పుటకు మాకు అవకాశము దక్కలేదు. కాగితపు పూల పొదను గూర్చి మాత్రము మా మనుమరాలు ఇప్పుడు వచ్చినవారందరికిని తానే చెప్పుచున్నది. సాయంకాలమున దానికి నీరు పోయునదియు ఆమెయే.